ఏజీ ఆఫీసు కళ్లద్దాలతో బ్రిటిష్ గూఢచారులు

మా పెదనాన్న లెక్కలో జేమ్స్ బాండ్ ఉద్యోగానికి పనికిరాని మనిషి. టూరు నుంచి వచ్చాక రిపోర్టు రాయడు. సర్కారు సొమ్ముతో కొన్న కారును తీసుకెళ్లి తుక్కు చేసి వస్తాడు. ఖర్చులకు రసీదులు ఉండవు. పై అధికారి గదిలోకి వెళ్లే ముందు సెక్రటరీ బల్ల దగ్గర ఆగి సరసాలాడతాడు. “మా ఆఫీసులో అయితే ప్రొబేషన్ పూర్తికాకుండానే ఇంటికి పంపేవాళ్లం” అనేవారు. అయినా సికింద్రాబాదు సంగీత్‌లో బాండ్ సినిమా పడిందంటే నన్ను వెంటబెట్టుకుని అందరికంటే ముందు బయలుదేరేదీ ఆయనే.

ఆయన సైఫాబాదులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో పెన్షన్ల విభాగంలో పనిచేసేవారు. రిటైరైన టీచర్లు, తహసీల్దార్ల సర్వీసు రిజిస్టర్లు కట్టలు కట్టలుగా ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఎప్పుడో పాతికేళ్ల కిందట ఒక ఇంక్రిమెంటు తప్పుగా పడి ఉంటే దాన్ని పట్టుకోవడం ఆయన వృత్తి. అదే చూపుతో సినిమా కూడా చూసేవారు. హాలంతా ఈలలు వేసే చోట కదలకుండా కూర్చునేవారు. జనం ఆవులించే చోట ముందుకు వంగి చెవులు రిక్కించేవారు. పక్కనున్న నాకు ఏది చూడాలో తెలిసేది కాదు, తెరనా, ఆయననా.

నా చిన్నతనంలో ఇంగ్లీషు సినిమాలు మన దాకా ఆలస్యంగా వచ్చేవి. ఒకసారి వచ్చాక మాత్రం ఉదయం ఆటలుగా మళ్లీ మళ్లీ తిరిగేవి. అలా 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ను నేను హైస్కూల్లో ఉండగా చూశాను. ఆస్టన్ మార్టిన్ డీబీ5 నంబరు ప్లేట్లు గిర్రున తిరగడం, వెనక నుంచి పొగ రావడం, రోడ్డు మీద నూనె కక్కడం, పక్క సీట్లోని శత్రువు కప్పు తెరుచుకుని గాల్లోకి ఎగిరిపోవడం. మర్నాడు బడిలో ఇంటర్వెల్‌లో ఆ సీటు సంగతి నేను చెబుతుంటే సినిమా చూడని వాళ్లు కూడా చూసినట్లే ఊగిపోయారు. మాకు అప్పటికే మన బాండ్ ఉన్నాడు. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’తో కృష్ణగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. మరుసటి ఏడాదే అది హిందీలో ‘ఫర్జ్’గా వెళ్లి జితేంద్రను నిలబెట్టింది. అద్దె పుస్తకాల షాపులో మధుబాబు షాడో నవలల కోసం మా వీధి పిల్లలు వరస కట్టేవారు. కాబట్టి బాండ్ మాకు పరాయివాడేమీ కాదు. కొంచెం డబ్బున్న చుట్టం, అంతే.

ఆ సినిమాలో పెదనాన్నకు నచ్చినవాడు బాండ్‌కు కార్లు, ఆయుధాలు అందించే క్యూ. డెస్మండ్ లువెలిన్ వేసిన పాత్ర అది. కారు గుణగణాలన్నీ వివరించి, అది చెడకుండా తిరిగి రావాలని ఆశపడే మనిషి. సీటు ఎగిరిపోతుందంటే బాండ్ నమ్మడు, పరిహాసమనుకుంటాడు. తన పని విషయంలో తాను ఎన్నడూ పరిహాసమాడనని క్యూ ముఖం చిట్లించి చెబుతాడు. పెదనాన్న నా మోచేతిని తట్టి, “స్టోర్‌కీపరంటే అలా ఉండాలి” అన్నారు. చివర్లో అమెరికా సర్కారు బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ ఖజానాలో బంగారం అంతస్తులు అంతస్తులుగా మెరుస్తుంటే హాలు నోరు తెరుచుకుని చూసింది. లోపలికి ఎవరినీ రానివ్వరు కనుక కళాదర్శకుడు కెన్ ఆడమ్ ఆ ఖజానాను పూర్తిగా ఊహించి కట్టాడని తర్వాత చదివాను. బెర్లిన్‌లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరి, యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో ఫైటర్ విమానం నడిపిన మనిషి ఆయన. పెదనాన్నకు ఆ సెట్టు మీద ఒకటే అభ్యంతరం: “అంత ఎత్తున పేరిస్తే స్టాకు తనిఖీ చేసేది ఎలా?”

ఇక ‘ది ఇప్‌క్రెస్ ఫైల్’. 1965 సినిమా. పేరులో ఫైలు ఉందనే ఆయన ఆ ఆటకు వెళ్లారని పెద్దమ్మ చాలాకాలం ఎగతాళి చేసేది. బాండ్ తరహా బాదుడు ఉంటుందని వచ్చినవాళ్లు విశ్రాంతి సమయానికే సగం మంది వెళ్లిపోయారు. మేమిద్దరం మాత్రం కదలలేదు. సినిమా మొదలవగానే అలారం మోగుతుంది, తెరంతా మసక. హీరో చెయ్యి తడుముకుంటూ కళ్లజోడు పెట్టుకున్నాక గాని మనకు గది స్పష్టంగా కనిపించదు. కళ్లజోడు హీరో! ఆరో తరగతి నుంచి సోడాబుడ్డి అద్దాలు మోస్తున్న నాకు అది చిన్న విషయం కాదు. లేచి కాఫీ గింజలు మరపట్టుకుని, కాచుకుని, తీరిగ్గా డ్యూటీకి బయలుదేరతాడు. డ్యూటీ ఏమిటంటే ఒక ఇంటి అటక గదిలో కూర్చుని ఎదురింటిని గమనిస్తూ చూసింది చూసినట్లు రాయడం. విసుగుకే జీతం.

హ్యారీ పామర్ అనే ఆ హీరోను పిలిపించి పై అధికారి కర్నల్ రాస్ వేరే విభాగానికి బదిలీ చేస్తాడు. బదిలీ అనగానే పామర్ ఆరా తీసేది జీతం సంగతి. కాస్త పెరుగుతుందని తెలిశాక, అయితే ఆ కొత్త గ్రిల్ పొయ్యి కొనుక్కోవచ్చన్నమాట అంటాడు. పెదనాన్న ఆ హాల్లో పెద్దగా నవ్వడం నేను మొదటిసారి విన్నాను. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు కూడా. దేశ రక్షణ, శాస్త్రవేత్తల అపహరణ, మెదడు కడగడం, అన్నీ ఉన్నాయి ఆ కథలో. కానీ అన్నింటికీ ముందు ఇంక్రిమెంటు. ఒక సూపర్ మార్కెట్ సన్నివేశం ఇంకా కళ్లముందే ఉంది. ఇద్దరు అధికారులు చెరొక బండి తోసుకుంటూ ప్రాణాంతకమైన రహస్యాలు మాట్లాడుకుంటుంటారు. మధ్యలో రాస్ పామర్ బండిలోని పుట్టగొడుగుల డబ్బాను చూసి, ఫ్రెంచి పేరు కోసం ఎక్కువ డబ్బులు తగలేస్తున్నావని దెప్పుతాడు. పేరు ఒక్కటే కాదు, రుచి కూడా బాగుంటుందని పామర్ జవాబు. వాళ్ల దేశంలో తరతరాల పెద్దా చిన్నా తేడా ఆ ఒక్క డబ్బాలో ఇమిడిపోయింది. కర్నల్ గారికి పొదుపు గొప్పతనం. కింది ఉద్యోగికి రుచి హక్కు.

పామర్ వేషం వేసిన మైకేల్ కెయిన్ నిజంగానే ఆ కింది మెట్టు నుంచి వచ్చినవాడు. తండ్రి లండన్ బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్లో కూలీ, తల్లి ఇళ్లల్లో పనిచేసేది. ఆ సినిమాలో పామర్ గుడ్లు పగలగొట్టే దృశ్యంలో దగ్గరగా కనిపించే చేతులు మాత్రం మూల నవల రాసిన లెన్ డీటన్‌వి. ఆయన పత్రికలో బొమ్మలతో వంటల శీర్షిక నడిపేవాడు. అవే పామర్ వంటగది గోడ మీద అంటించి ఉంటాయి.

అసలు వింత మరొకటి. ఈ సినిమా తీసింది బాండ్ ముఠాయే. నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్ బాండ్ నిర్మాతల్లో ఒకడు. సంగీతం జాన్ బ్యారీ, సెట్లు కెన్ ఆడమ్, ఎడిటింగ్ పీటర్ హంట్. ఒక చేత్తో కలను అమ్ముతూ రెండో చేత్తో మెలకువను అమ్మారు. బాండ్‌కు ఇత్తడి బాకాలు మోగించిన బ్యారీ ఇక్కడ సింబలమ్ అనే తూర్పు యూరప్ వాద్యాన్ని తెచ్చాడు. మన సంతూర్‌కు దాయాది అది. తడి వీధిలో ఒంటరిగా నడిచేవాడి వెనక ఎవరో వస్తున్నట్లుంటుంది ఆ మోత. దర్శకుడు సిడ్నీ ఫ్యూరీ కెమెరాను ఎక్కడా తిన్నగా పెట్టడు. లాంపు షేడు వెనక నుంచి, ఎవరిదో భుజం మీది నుంచి, ఆల్బర్ట్ హాల్ బయట తన్నులాటను ఏకంగా టెలిఫోన్ బూతు అద్దాల్లోంచి చూపిస్తాడు. మనం టికెట్టు కొని దొంగచాటుగా చూస్తున్నామా అన్న అనుమానం వస్తుంది. ఆ వయసులో ఇదంతా నాకు తెలియదు. ఆ సినిమా చూసిన రోజు రాత్రి మా వరండా స్తంభం చాటు నుంచి వీధిని చూస్తూ చాలాసేపు నిలబడ్డానని మాత్రం గుర్తు.

ఎనభైల్లో వీసీఆర్ వచ్చాక మా గూఢచర్యం ఇంట్లోకి మారింది. పెదనాన్న పెద్దకొడుకు, మా అన్నయ్య, అప్పటికి ఇంగ్లండ్‌లో ఆసుపత్రి డాక్టరు. అక్కడి టీవీలో పాత సినిమాలు వస్తే క్యాసెట్లలోకి ఎక్కించి, సెలవులకు వచ్చే తెలుగు డాక్టర్ల చేత పంపేవాడు. అమెరికా క్యాసెట్లు మన టీవీల్లో ఆడేవి కావు. బ్రిటన్‌దీ మనదీ పాల్ (PAL) అనే ఒకే టీవీ పద్ధతి కనుక ఇవి శుభ్రంగా ఆడేవి. కొన్నింటిలో మధ్య మధ్య అక్కడి సబ్బులు, బిస్కట్ల ప్రకటనలు కూడా వచ్చేవి. వాటిని దాటించనిచ్చేవారు కాదు పెదనాన్న. ధరలు గమనించాలట.

అలా వచ్చిందే ‘అవర్ మ్యాన్ ఇన్ హవానా’. కరోల్ రీడ్ దర్శకుడు, గ్రహమ్ గ్రీన్ కథ, 1959. నన్నడిగితే పెదనాన్న కోసమే పుట్టిన సినిమా అది. వర్మాల్డ్ అనే ఇంగ్లీషాయన హవానాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకుంటూ ఉంటాడు. ఎలెక్ గిన్నెస్ వేశాడు ఆ వేషం. ఎదిగిన కూతురు, ఆమెకు గుర్రం కావాలి, చేతిలో డబ్బు లేదు. ఆ సమయంలో లండన్ రహస్య శాఖ మనిషి హాథార్న్ వచ్చి ఆయనను మరుగుదొడ్డిలోకి పిలిచి, నీళ్ల కుళాయి తిప్పి వదిలి, గూఢచారిగా చేర్చుకుంటాడు. కింద ఏజెంట్లను నియమించుకోవాలి, వాళ్లకు జీతాలు లండన్ ఇస్తుంది. వర్మాల్డ్‌కు ఎవరినీ చేర్చుకోవడం చేతకాదు. క్లబ్బు సభ్యుల జాబితా ముందు పెట్టుకుని అందులోంచి పేర్లు ఏరి ఏజెంట్లంటాడు. వాళ్ల పేరు మీద జీతాలు తీసుకుంటాడు.

“దొంగ మస్టర్!” అన్నారు పెదనాన్న, కుర్చీలో నిటారుగా లేచి కూర్చుని. నీటిపారుదల పనుల్లో లేని కూలీల పేర్లు రాసి డబ్బు తీసుకోవడం ఎన్ని ఆడిట్లలో చూశారో ఆయన. క్యూబాలో కూడా అదే విద్య అని తెలిసి పొందిన ఆనందం చెప్పతరం కాదు. కథ ముదిరి, వర్మాల్డ్ వాక్యూమ్ క్లీనర్ భాగాలను పెద్దవిగా గీసి కొండల్లో కడుతున్న రహస్య ఆయుధమని లండన్‌కు పంపుతాడు. అక్కడ పెద్దలు ఆ బొమ్మ చుట్టూ మూగి తలలు ఊపుతారు. హాథార్న్‌కు అనుమానం వస్తుంది గాని, అతణ్ని చేర్చుకున్నది తానే కాబట్టి నోరు మెదపడు. ఆ మౌనం దగ్గర పెదనాన్న క్యాసెట్ ఆపించారు. వెనక్కి తిప్పించి హాథార్న్ వేషం వేసిన నోయెల్ కవర్డ్ ముఖాన్ని మళ్లీ చూశారు. “వోచరు మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టినవాడి ముఖం ఇదే. ఎంత బాగా పట్టుకున్నాడు!” అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. కాగితం మీద పుట్టించిన ఏజెంట్లను శత్రువులు నిజమని నమ్మి, నిజం మనుషులను చంపడం మొదలుపెడతారు. చివరికి లండన్ వర్మాల్డ్‌ను ఏం చేస్తుంది? బయటపడితే తమ పరువే పోతుంది కనుక, బిరుదు ఇచ్చి శిక్షణ విభాగంలో పాఠాలు చెప్పమంటుంది. పెదనాన్న ఈ ముగింపును అక్షరం పొల్లుపోకుండా నమ్మారు.

గ్రీన్ గాలిలోంచి తీసుకున్న కథ కాదది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ రహస్య శాఖలో పోర్చుగల్ వ్యవహారాలు చూశాడు. సరిగ్గా అక్కడే, లిస్బన్‌లో, హువాన్ పుహోల్ అనే స్పెయిన్ దేశస్థుడు ఇంగ్లండ్‌లో ఉన్నట్లు నటిస్తూ, గైడు పుస్తకాలు ముందు పెట్టుకుని జర్మన్లకు నివేదికలు రాశాడు. తర్వాత బ్రిటన్ అతణ్ని చేర్చుకుని గార్బో అని పేరు పెట్టింది. అతని కింద ఊహా ఏజెంట్లు 27 మంది. అందరికీ జర్మన్ల డబ్బే. లివర్‌పూల్‌లో ఉన్నాడని చెప్పిన ఏజెంటు ఒకడు పెద్ద నౌకాదళం కదలికను ఎందుకు చెప్పలేదని జర్మన్లు నిలదీస్తే, పాపం జబ్బుపడి చనిపోయాడని పత్రికలో మరణ ప్రకటన వేయించారు. లేని మనిషి భార్యకు పెన్షన్ కూడా ఇప్పించారు. చివరికి గార్బోకు హిట్లర్ ప్రభుత్వం ఐరన్ క్రాస్ పతకం, బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ బిరుదు ఇచ్చాయి. ఇది చదివి నేను పెదనాన్నకు ఫోను చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “లైఫ్ సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారట?” అని అడిగారు.

హిచ్‌కాక్ బ్రిటన్‌లో ఉండగా తీసినవి కూడా ఆ క్యాసెట్లలోనే చూశాం. 1935 నాటి ‘ది 39 స్టెప్స్’లో మిస్టర్ మెమరీ అనే రంగస్థల కళాకారుడు ఉంటాడు. ఏ ప్రశ్న అడిగినా ఠకీమని జవాబు. డాటాస్ అనే పేరుతో లండన్ వేదికల మీద అలాంటి ప్రదర్శనలిచ్చిన నిజం మనిషి ఒకడుండేవాడు. మన అవధానులను చూసి పెరిగిన వాళ్లకు ఆ పాత్ర కొత్త కాదు. శత్రువులు ఒక విమాన రహస్యాన్ని అతని తలలో దాచి దేశం దాటించబోతారు. చివర్లో నిండు సభలో హీరో లేచి, 39 మెట్లంటే ఏమిటని అరుస్తాడు. చెబితే ప్రాణం పోతుందని తెలిసీ అతను చెప్పడం మొదలుపెడతాడు. అడిగిన ప్రశ్నకు జవాబు లేదనడం అతని వృత్తిలో లేదు. తూటా తగిలాక కూడా ఆ సూత్రమంతా ఒప్పజెప్పి, సరిగ్గా చెప్పానా అని అడిగి తేలికపడతాడు. విలన్ కంటే, హీరో కంటే ఆ చిన్న మనిషే నాకు గుర్తుండిపోయాడు.

‘ది లేడీ వానిషెస్’ (1938)లో రైలు నుంచి ఒక ముసలావిడ మాయమవుతుంది. ఆ రైల్లోనే ఉన్న ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషులకు మాంచెస్టర్ టెస్టు స్కోరు తప్ప ప్రపంచం పట్టదు. చక్కెర బిళ్లలను ఫీల్డర్లుగా బల్ల మీద పేర్చి ఒక బంతి గురించి వాదించుకుంటుంటే, అదే ముసలావిడ వచ్చి చక్కెర ఇస్తారా అని అడుగుతుంది. ఫీల్డింగంతా గిన్నెలోకి. వాళ్లు లండన్‌లో దిగేసరికి వరదల వల్ల మ్యాచ్ రద్దు. చోద్యమేమిటంటే అదే ఏడాది జులైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు నిజంగానే ఒక్క బంతి పడకుండా వర్షార్పణమైంది.

అన్నీ మెచ్చుకున్నామని కాదు. 1983లో వచ్చిన ‘ఆక్టోపసీ’ని ఉదయ్‌పూర్‌లో తీస్తున్నారంటే, విజయ్ అమృతరాజ్, కబీర్ బేడీ ఉన్నారంటే ఎంతో ఎదురుచూశాం. తీరా చూస్తే బుట్టలో పాము, మేకుల మంచం, కత్తి మింగేవాడు. జూదంలో గెలిచిన నోట్లను బాండ్ మనవాడి చేతిలో పెట్టి, కొన్ని వారాలు నీ కూరకు సరిపోతాయంటాడు. “స్వాతంత్ర్యం వచ్చి 36 ఏళ్లయింది, వీళ్ల కథా విభాగానికి ఇంకా ఉత్తర్వులు అందలేదు” అన్నారు పెదనాన్న. ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో ఇరానీ హోటల్ దగ్గర కూడా ఆగలేదు.

వీటన్నింటికంటే నేను ఎక్కువసార్లు చూసింది ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’. జాన్ లె కారే నవల 1963లో, సినిమా 1965లో వచ్చాయి. నవల రాసేనాటికి ఆయన బ్రిటిష్ రహస్య శాఖలోనే ఉద్యోగి. బాండ్ రంగుల్లో వెలిగిపోతున్న కాలంలో కావాలనే నలుపు తెలుపులో తీశారు. తీసిన ఆస్వాల్డ్ మోరిస్ కెమెరాలో తెలుపు కూడా బూడిద రంగే. మొదట రాత్రి, బెర్లిన్ తనిఖీ కేంద్రం, కాఫీ కప్పు పట్టుకుని ఎదురుచూస్తున్న రిచర్డ్ బర్టన్. అటునుంచి సైకిలు మీద వస్తున్న అతని చివరి ఏజెంటు సరిహద్దు దాటలేక కాల్పుల్లో పడిపోతాడు. అక్కడి నుంచి బర్టన్ వేసిన లీమస్ అనే ఆ గూఢచారి పతనం. నిజం పతనమా, పై వాళ్లు రాసిచ్చిన నాటకమా అన్నది అతనికే పూర్తిగా తెలియదు. ఉద్యోగ కల్పన కార్యాలయంలో బెంచీ మీద కూర్చుంటాడు, ఒక మూల గ్రంథాలయంలో అరకొర జీతానికి కుదురుతాడు, కిరాణా కొట్టువాడు అప్పు ఇవ్వనంటే కొట్టి జైలుకు వెళతాడు. డిగ్రీ పట్టా పుచ్చుకుని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి గుమ్మంలో నిలబడిన రోజుల్లో ఆ క్యాసెట్ చూశాను నేను. ఆ బెంచీ నాకు తెలుసు. గూఢచారులంటే మహాత్ములు, ఋషులు కారని, చితికిపోయిన సామాన్యులేనని చివర్లో కారులో తనను ప్రేమించిన అమ్మాయి మీద అతను విరుచుకుపడతాడు. బర్టన్ వెల్ష్ గని కార్మికుడి కొడుకు. ఆ గొంతులో గని లోతు ఉంది. తర్వాత బెర్లిన్ గోడ. పైకి ఎక్కినవాడు కింద ఆమె పడిపోవడం చూసి, ఇటు దూకి బతకగలిగీ, అటే దిగుతాడు. పెదనాన్న ఆ సినిమాకు ఒక్క అభ్యంతరం కూడా రాయలేదు.

ఆ నవల రావడానికి కొన్ని నెలల ముందే, 1963 జనవరిలో, కిమ్ ఫిల్బీ బేరూట్ నుంచి మాస్కోకు పారిపోయాడు. బ్రిటిష్ రహస్య శాఖలో పెద్ద పదవుల్లో ఉండి ఏళ్ల తరబడి సోవియట్లకు పనిచేసిన మనిషి. యుద్ధకాలంలో గ్రహమ్ గ్రీన్‌కు పై అధికారి. పుట్టింది మన అంబాలాలో, 1912లో. తండ్రి ఇక్కడ ఐసీఎస్. కిప్లింగ్ నవలలోని కుర్రాడి పేరే అతనికి ముద్దుపేరైంది. తెర మీద బాండ్ లోకాన్ని కాపాడడం మొదలుపెట్టి నాలుగు నెలలన్నా కాకముందే అసలు ఆఫీసు లోపల ఇదీ పరిస్థితి. లె కారే కథల్లో దొంగ ఇంట్లోనే ఉంటాడంటే ఉండడూ మరి! ఆయన నవల ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ని 1979లో తీసిన బీబీసీ సీరియల్లో ఎలెక్ గిన్నెస్ స్మైలీ అనే గూఢచారిగా ఆ దొంగను వెతికేది తుపాకీతో కాదు, పాత ఫైళ్లతో. డ్యూటీ అధికారి రాసే పుస్తకంలో కొన్ని తేదీల పేజీలు బ్లేడుతో కోసేసి ఉంటాయి. ఉన్న కాగితం కంటే లేని కాగితం ఎక్కువ చెబుతుందని పెదనాన్న నాకు ఉద్యోగం వచ్చిన రోజున చెప్పిన మాటకు అంతకంటే సాక్ష్యం ఏముంటుంది.

1989 నవంబరులో బెర్లిన్ గోడ మీద జనం ఎక్కి నిలబడడాన్ని దూరదర్శన్‌లో చూశాం. రిటైరయ్యారు గాని పెదనాన్నకు విభాగం ఇంకా వదల్లేదు. “అటువైపు రహస్య పోలీసుల సర్వీసు రిజిస్టర్లు ఇప్పుడు ఎవరి కస్టడీ?” అన్నారు. జవాబు కొన్నేళ్లకు దొరికింది. వాళ్లు ఫైళ్లు తగలబెట్టడం, చించడం మొదలుపెడితే 1990 జనవరిలో ప్రజలే వెళ్లి వాళ్ల ప్రధాన కార్యాలయాన్ని ఆక్రమించారు. పేరిస్తే వంద కిలోమీటర్లు దాటే కాగితం మిగిలింది. చించిన ముక్కలు వేల సంచుల్లో దొరికితే మనుషులను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అతికించే పని పెట్టారు. ఈ సంగతి నేను పేపర్లో చదివి వినిపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ముక్కలు అతికించే వాళ్లకు రోజుకు ఎంత ఇస్తున్నారో అందులో రాశారేమో చూడమన్నారు. రాయలేదు. రాసి ఉండాల్సిందని ఆ పత్రికకు ఆయన ఉత్తరం రాశారు.